వార్షిక నివేదిక: స్వోర్డ్ కోస్ట్ మీద మన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన టేబుల్‌టాప్ ఆటల సంఘం ఆదివారాలు దాదాపు అన్నీ ఒకే తీరం మీద గడిచాయి. బల్ల చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఫెయిరూన్ అనే ఊహా ఖండపు పడమటి తీరం, స్వోర్డ్ కోస్ట్. ఆటంతా తెలుగులోనే నడపాలని పోయిన సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం, అలాగే నడిపాం. డైస్, సెషన్ లాంటి మాటలు మాత్రం ఉంచేశాం, వాటితో ఎవరికీ పేచీ లేదు.

ఉత్తరాన లస్కన్‌లో బయల్దేరి నెవర్‌వింటర్, వాటర్‌డీప్ మీదుగా దక్షిణానికి దిగాం. ఇంత పొడవు తీరంలో పెద్ద ఊళ్లు ఇన్నేనా అని కొత్తవాళ్లు అడిగారు. చాలామటుకు నిటారు కొండచరియలే కాబట్టి ఓడలు ఆగే చోట్లు తక్కువ. వాటర్‌డీప్ అంత మహానగరమైంది లోతైన సహజ రేవు ఉండబట్టే. బాల్డర్స్ గేట్ అయితే సముద్రపు ఒడ్డున కాక, చియోంథార్ నది మీద కాస్త లోపలికి ఉంటుంది. ఈ సంగతి బుర్రకెక్కాక మనవాళ్లు కథలోని దొంగల కోసం అడవులు గాలించడం మానేసి, రేవుల్లో సరుకు దించే కూలీలను ఆరా తీయడం మొదలుపెట్టారు. అక్కణ్ణుంచే ఆట రక్తి కట్టింది.

అన్నిటికన్నా చెప్పుకోవలసింది క్యాండిల్‌కీప్ సెషన్. సముద్రపుటొడ్డున రాతి గుట్ట మీద కట్టిన గ్రంథాలయ కోట అది. చదువుకోవడానికి లోపలికి వెళ్లాలంటే అక్కడ లేని పుస్తకం ఒకటి ఇవ్వాలి. మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన సభ్యుడొకాయన సంచిలోంచి నిజం నోటుబుక్కే తీసి బల్ల మీద పెట్టారు. వాళ్ల తాతగారు పోటు, పాటు వేళలు, గాలి వాటం రాసుకున్న పుస్తకం. పెన్సిల్ రాత, కొన్ని పేజీలకు చేపల జిడ్డు మరకలు. ఆట నడిపే డంజన్ మాస్టర్ డైస్ వేయించకుండానే తలుపు తీయించారు. ఆ పూట ఆట ఇక సాగలేదు, అందరూ ఆ పేజీల మీదే పడ్డారు.

ఈ ప్రపంచాన్ని చిన్నతనంలోనే ఊహించుకున్న ఎడ్ గ్రీన్‌వుడ్ తర్వాత గ్రంథాలయంలో ఉద్యోగం చేశారు. 1987లో అది ఆటకు రంగస్థలంగా అచ్చయింది. పుస్తకమే ప్రవేశ రుసుమన్న నియమం మనమూ పెట్టుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కొత్తగా చేరేవారు చందాతో పాటు మన బీరువాలో లేని తెలుగు పుస్తకం ఒకటి తేవాలి. చేతిరాత పుస్తకమైతే జిరాక్స్ తీసుకుని అసలు ప్రతి తిరిగి ఇచ్చేస్తాం. దీనిపై సర్వసభ్య సమావేశంలో ఓటింగు ఉంటుంది.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. హాలు అద్దె పెరిగినా చందా పెంచలేదు. హాలు దొరకని వారాల్లో ఇల్లు ఇచ్చి, టిఫిన్లు పెట్టిన కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది.

వచ్చే ఏడాది ఆటలో ఓడెక్కి మూన్‌షే దీవులకు వెళ్లాలని అనుకుంటున్నాం. మ్యాపులు గీయగలిగినవారు సమావేశానికి ముందే కార్యవర్గానికి పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి