పాత లగ్జరీ కార్ల అమ్మకంలో సర్వీసు చరిత్ర తప్పనిసరి చేయాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి సెడాన్లు ఎనిమిది పదేళ్లు తిరిగాక కొత్త మధ్యతరహా కారు ధరకే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. చిన్ననాటి నుంచి కోరుకున్న బండి అందుబాటులోకి వస్తే కొనాలనిపించడం సహజం. అయితే కారు ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర, మరమ్మతు ఖర్చు తగ్గవన్న సంగతిని అమ్మేవారు చెప్పడం లేదు.

ఈ కార్లు నాసిరకమని నేను అనడం లేదు. వాటి ఇంజినీరింగ్ అంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో బలహీనత ఉంది. మన రోడ్లపై 320డి, 520డి కార్లలో విరివిగా తిరిగిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చెయిన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా నడిపే గొలుసు) వెనక, అంటే గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. తొలి ఏళ్లలో తయారైన ఇంజిన్లలో ఆ చెయిన్, దాన్ని పట్టి నడిపే ప్లాస్టిక్ గైడ్లు ముందుగానే అరిగిపోవడం పేరుమోసిన సమస్య. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు క్యాబిన్‌కు దగ్గరగా గరగరమని రాపిడి శబ్దం వస్తే అనుమానించాల్సిందే. చెయిన్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. తెగకముందే మార్చుకుందామన్నా, చెయిన్ వెనక వైపు ఉన్నందువల్ల ఇంజిన్ దించాల్సి వస్తుంది. కాబట్టి అసలు ఖర్చంతా మజూరీలోనే ఉంటుంది.

శక్తి పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. 507 హార్స్‌పవర్ ఇచ్చే వీ10 ఇంజిన్‌తో 2005లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు (పిస్టన్ కడ్డీలు క్రాంక్‌షాఫ్ట్‌పై తిరిగే చోట ఉండే లోహపు పొరలు) అకాలంలో అరగడం ప్రపంచమంతటా ఎదురైంది. ఈ లోపం చివరిదాకా చప్పుడు చేయదు. వాడిన ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబులో పరీక్షించి, బేరింగుల నుంచి అరిగి కలిసిన రాగి, సీసం పాళ్లు చూస్తే తప్ప ముందుగా పసిగట్టడం కష్టం. మెర్సిడెస్ సీ63 ఏఎంజీలోని 6.2 లీటర్ల ఇంజిన్‌కు తొలి దశలో సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) బిగించే బోల్టులు విరగడం శాపమైంది. స్ప్రింగులకు బదులు కారును మోసే ఎయిర్ సస్పెన్షన్ రబ్బరు సంచులు పగిలి గాలి కారడం, ఆ లోటు పూడ్చలేక కంప్రెసర్ కాలిపోవడం చాలా లగ్జరీ సెడాన్లలో కనిపించేవే.

వీటన్నిటికంటే నన్ను బాధించేది గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి. దాన్ని కారు జీవితకాలమంతా మార్చనక్కరలేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్సులను తయారుచేసే జర్మనీ సంస్థ జడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లలోపు మార్చమని సిఫారసు చేస్తోంది. చాలాకాలం మార్చని గేర్‌బాక్స్ అడుగు ప్యాన్ విప్పి చూస్తే లోహపు రజనును పట్టి ఉంచే అయస్కాంతాల చుట్టూ నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది. తొలి యజమాని కార్ల కంపెనీ మాట నమ్మి వారంటీ కాలం గడిపి బండి అమ్మేస్తాడు. గేర్లు ఎగిరిపడడం మొదలయ్యేది రెండో యజమాని చేతిలో. జీవితకాలం అన్న మాటకు కంపెనీ లెక్కలో అర్థం ఏమిటో కొనేవాడికి తెలియాలి కదా.

కేంద్ర రవాణా శాఖ 2022 డిసెంబరులో నోటిఫై చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లు రిజిస్టరింగ్ అధికారి వద్ద అనుమతి పొందాలి, తమ వద్ద ఉన్న బండి ప్రతి ప్రయాణాన్నీ కిలోమీటర్ల మీటరు రీడింగుతో సహా నమోదు చేయాలి. ఇది మంచి అడుగే. అయితే బండి డీలరు చేతికి వచ్చేసరికే మీటరు వెనక్కి తిప్పి ఉంటే ఆ నమోదు వల్ల కొనుగోలుదారుకు ఒరిగేదేమీ లేదు. ప్రతి సర్వీసు నాటి తేదీ, రీడింగు, మార్చిన భాగాల వివరాలు కంపెనీల కంప్యూటర్లలో ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఆధారంగా ఆ చరిత్రను, కంపెనీ ఉచితంగా చేయాల్సిన మరమ్మతులు ఏవైనా మిగిలి ఉంటే వాటిని కూడా, యాజమాన్య బదిలీకి ముందే కొనేవారికి లిఖితపూర్వకంగా ఇచ్చేలా ఆ నిబంధనలను సవరించాలని కేంద్రాన్ని కోరుతున్నాను. అందుకు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు చొరవ తీసుకుని ప్రతిపాదనలు పంపాలి.

ఇట్లు,
ఒక మెకానికల్ ఇంజినీరు,
హైదరాబాద్