పెద్దల సంతోషం ఏ ఒప్పందంలో రాసి ఉంది? వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

విషయం: రిటైర్మెంట్ కమ్యూనిటీల్లో నివసించే వృద్ధుల హక్కుల కోసం రాష్ట్ర నియమావళిని రూపొందించవలసిన అవసరం.

నమస్కారం.

హైదరాబాద్ శివార్లలో ‘సీనియర్ లివింగ్’ పేరుతో వృద్ధుల కోసం వెలసిన ఒక సముదాయంలో నేనూ నా భార్యా కొన్నేళ్లుగా నివసిస్తున్నాము. మా కష్టాలు ఏకరువు పెట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. మొత్తం మీద మాకు ఇక్కడ బాగానే ఉంది. అయితే ఒకే భోజనశాలలో తింటూ, ఒకే తోటలో నడుస్తూ, ఒకే రకం ఇంట్లో ఉంటున్నవారిలో కొందరు వయసు తగ్గినట్లు తిరుగుతుండగా, మరికొందరు ఏడాది తిరగకుండానే గది దాటి రావడం మానేయడం నేను చూస్తున్నాను. ఈ తేడా ఎక్కడినుంచి వస్తున్నదని గమనిస్తే, ఇక్కడికి రావాలన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు, వచ్చాక తమ రోజు ఎలా గడవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న రెండు ప్రశ్నల దగ్గరికే నేను మళ్లీ మళ్లీ చేరుతున్నాను. ఈ రెండు నిర్ణయాలూ పెద్దల చేతిలో నిలిచేలా చూసే నియమాలు కావాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడికి వచ్చేవారు ఒకే దారిన రారు. కాళ్లూ చేతులూ బాగున్నప్పుడే నాలుగు చోట్లు తిరిగి, భోజనం రుచి చూసి, లెక్కలు వేసుకుని వచ్చేవారు కొందరు. మరి కొందరి విషయంలో భార్యో భర్తో కన్నుమూసిన తరువాతనో, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన తరువాతనో, అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన పిల్లలు తిరుగు ప్రయాణంలోగా అన్నీ చక్కబెట్టి వెళతారు. ఆ పిల్లలను నేను తప్పు పట్టలేను; ఒంటరిగా ఉన్న తల్లి రాత్రివేళ పడిపోతే ఎవరు చూస్తారన్న భయం వారిని అక్కడ నిద్రపోనివ్వదు. కానీ ఊళ్లో ఇల్లు అమ్మకానికి పెట్టడం, సామాను పంచేయడం, కొత్త చోట సంతకం పెట్టించడం, ఇవన్నీ ఒకే సెలవులో ముగిసిపోతే ఆ తల్లికి అది తాను చేరిన ఇల్లుగా కాక, తనను చేర్చిన చోటుగానే మిగిలిపోతుంది. పైగా బంధువుల పలకరింపు ఒకటి ఉంటుంది: ‘పిల్లలు చూడట్లేదా అమ్మా?’ నెలకు వేలకు వేలు కట్టి ఉంటున్నవారు కూడా ఈ ప్రశ్నకు తలదించుకోవడం నేను చూశాను.

కలిగే మేలు గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. నలభై ఏళ్లు పొద్దున్నే పొయ్యి ముందు నిలబడిన ఆడవాళ్లకు, వేళకు ఎవరో వండి పెట్టడమన్నది మాటల్లో చెప్పలేనంత ఊరట. పని మనిషి రాలేదన్న దిగులు లేదు, గ్యాస్ సిలిండర్ కోసం, ప్లంబర్ కోసం ఎదురుచూపు లేదు. సాయంత్రం లలితా సహస్రనామ పారాయణకో, చీట్లాటకో పదిమంది తోడు దొరుకుతారు. నేను చూసినంతలో ఈ మార్పు ఆడవాళ్లకే త్వరగా అబ్బుతుంది. మగవాళ్లు తాము వదిలివచ్చిన ఊరి కూడలిని, పేపరు చదివే టీ కొట్టును, పేరు పెట్టి పిలిచే బ్యాంకు గుమాస్తాను చాలాకాలం వెతుక్కుంటారు. ఇది నా పరిశీలన మాత్రమే. అదే ఆడవాళ్లకు తమ వాటాలో చిన్న వంటగట్టయినా లేకపోతే, ఎండాకాలంలో నాలుగు జాడీల ఆవకాయ పెట్టుకోవడానికి యాజమాన్యం అనుమతి అడగవలసి వస్తే, ఆ ఊరటే కొన్నాళ్లకు చిన్నతనంగా మారుతుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని ఎప్పుడో పరీక్షించి చూశారు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే పరిశోధకులు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో చేసిన అధ్యయనాన్ని 1976లో ప్రచురించారు. ఒక అంతస్తులోని వారికి మీ గది ఎలా ఉండాలో, సినిమా ఏ రోజు చూడాలో మీరే నిర్ణయించుకోండని చెప్పి, కావాలనుకుంటే ఒక మొక్కను ఎంచుకుని పెంచుకోమన్నారు. మరో అంతస్తులో కూడా మొక్కలు ఇచ్చారు గాని నీళ్లు నర్సులే పోస్తారన్నారు, సినిమా రోజు కూడా వారే చెప్పారు. మూడు వారాలకే మొదటి అంతస్తువారు మరింత చురుకుగా, సంతోషంగా కనిపించారు. ఏడాదిన్నర తరువాత చూస్తే వారిలో మరణాలు కూడా తక్కువగా ఉన్నాయి. పాల్గొన్నవారి సంఖ్య తక్కువ గనుక మరణాల లెక్కను మరీ సాగదీయకూడదు. అదే ఏడాది రిచర్డ్ షుల్జ్ ప్రచురించిన మరో అధ్యయనం నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. నార్త్ కరోలినాలోని ఒక రిటైర్మెంట్ హోమ్‌కు కాలేజీ విద్యార్థులు వచ్చి పెద్దలతో కబుర్లు చెప్పేవారు. విద్యార్థులు ఎప్పుడు రావాలో తామే నిర్ణయించుకున్న పెద్దలూ, వారు ఎప్పుడు వస్తారో ముందుగా తెలిసిన పెద్దలూ మిగిలినవారి కన్నా బాగున్నారు. అధ్యయనం ముగిసి విద్యార్థుల రాక ఆగిపోయింది. తరువాతి సంవత్సరాల్లో తిరిగి పరిశీలిస్తే, అంతకు ముందు బాగా మెరుగుపడిన ఆ పెద్దలే దిగజారారు.

అంటే, ముసలితనంలో ఒక ఆసరా ఇచ్చి మధ్యలో తీసేయడం అసలు ఇవ్వకపోవడం కన్నా చేటు చేయవచ్చు. అమ్మకాల సమయంలో వైద్యుడు, ఫిజియోథెరపీ, రాత్రి నర్సు అన్నీ ఉంటాయని చెప్పి, ఇళ్లన్నీ అమ్ముడుపోయాక వాటిని ఒక్కొక్కటిగా తగ్గించే సముదాయాల విషయంలో ప్రభుత్వం ఎందుకు జోక్యం చేసుకోవాలో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఆధారం కనిపించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. ‘మా దగ్గర చేరినవారు ఎంతో ఆనందంగా ఉన్నారు’ అని బ్రోచర్లు చెబుతాయి, వెనుక తెల్లజుట్టు దంపతులు పగలబడి నవ్వుతుంటారు. ఇలాంటి చోటికి రాగలిగేది పెన్షనో, ఆస్తో, విదేశాల్లో సంపాదించే పిల్లలో ఉన్నవారు. స్వయంగా ఎంచుకుని వచ్చేది ఇంకా ఆరోగ్యంగా ఉన్నవారు. వారు రాకముందు కూడా తమ ఈడువారికన్నా సంతోషంగానే ఉండి ఉంటారు. కాబట్టి ఆ సంతోషమంతా ప్రాంగణం ఇచ్చిందనడం సరికాదు, అలాంటి ప్రకటనల ఆధారంగా ప్రభుత్వం భూములో రాయితీలో ఇవ్వడం అంతకన్నా సరికాదు.

ఇప్పుడు కాగితాల సంగతికి వస్తాను. కొన్నిచోట్ల ఇల్లు కొనుక్కుంటాము, కొన్నిచోట్ల పెద్ద మొత్తం డిపాజిట్ కట్టి జీవితాంతం ఉంటాము, మరికొన్నిచోట్ల నెలవారీ అద్దె. పద్ధతి ఏదైనా, మెయింటెనెన్స్, భోజనం, సంరక్షణ కోసం వేరే సంస్థతో వేరే ఒప్పందం ఉంటుంది. రియల్ ఎస్టేట్ రంగాన్ని నియంత్రించే రెరా చట్టం (2016) ప్రకారం బిల్డర్ అమ్మకపు ఒప్పందంలో ఇచ్చిన మాటకు ఇల్లు అప్పగించిన నాటినుంచి అయిదేళ్ల పూచీ ఉంది. గోడ బీటలు వారితే అడగడానికి ఒక చోటు ఉందన్నమాట. రాత్రి నర్సును తీసేస్తే, ఏడాదిలో రెండుసార్లు ఛార్జీలు పెంచితే అడగడానికి ఏముంది? వినియోగదారుల కమిషన్ ఉందంటారు. ఎనభై ఏళ్లు దాటినవారికి వాయిదాల మీద వాయిదాలతో నడిచే కేసు ఎంతవరకు అక్కరకొస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఎల్డర్‌లైన్ 14567 అనే వృద్ధుల సహాయ ఫోన్ నంబరు మంచి ఏర్పాటే గాని, ఒప్పందంలోనే లేని హక్కును ఆ ఫోన్ ఇప్పించలేదు.

ఒప్పందాల్లో కొన్ని వాక్యాలను ఎవరూ సంతకం చేసే రోజున చదవరు. ‘స్వతంత్రంగా జీవించలేని స్థితి వచ్చినప్పుడు నివాసి ఖాళీ చేయవలెను’ అన్నది అలాంటి ఒకటి. మతిమరుపు వ్యాధి ముదిరిన మనిషిని, అంటే ఆసరా అత్యంత అవసరమైన రోజునే, అది బయటకు పంపిస్తుంది. డిపాజిట్ ఒప్పందం భర్త పేరు మీదనే ఉంటే ఆయన పోయిన తరువాత భార్య అక్కడే ఉండవచ్చునా, అదే ఛార్జీకా, అన్నది చాలా కాగితాల్లో స్పష్టంగా ఉండదు. పిల్లలు విమానం దిగేదాకా ఫ్రీజర్ బాక్సులో భర్తను ఉంచుకుని, ఈ ఇంట్లో తనకు చోటు ఉన్నదో లేదో అని మేనేజర్‌ను అడిగిన ఒక ఇల్లాలిని నేను ఎరుగుదును. అమ్మి వెళ్లిపోదామన్నా అరవై దాటినవారికే అమ్మాలి, బదిలీ రుసుము కట్టాలి వంటి షరతులు ఉంటాయి. బయటకు వెళ్లే దారి మూసుకుపోయిందని తెలిశాక లోపలి సౌకర్యాలు కూడా రుచించవు.

కేంద్రం ఈ విషయాన్ని పట్టించుకోలేదని కాదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లోనే రిటైర్మెంట్ హోమ్‌ల అభివృద్ధి, నియంత్రణకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి నమూనాలు, వాటిని కట్టుబడేలా చేయవలసింది రాష్ట్రాలు. అదే ఏడాది డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్ట సవరణ బిల్లు సంరక్షణ గృహాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ప్రతిపాదించింది గాని, ఆమోదం పొందకుండానే 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2024లోనే మహారాష్ట్రలోని రెరా నియంత్రణ సంస్థ వృద్ధుల గృహ ప్రాజెక్టుల్లో చక్రాల కుర్చీ పట్టే లిఫ్టులు, వెడల్పు తలుపులు, స్నానాల గదుల్లో పట్టుకమ్మీలు వంటివి తప్పనిసరి చేసింది. మంచి పని. అయితే ఆ మహారాష్ట్ర నిబంధనలు కట్టడానికి సంబంధించినవి. కట్టడం పూర్తయ్యాక అందులో గడిపే ఇరవై ఏళ్ల జీవితానికి సంబంధించిన నియమాలు రాసిన రాష్ట్రంగా తెలంగాణ ముందుండాలని నా కోరిక.

ఆ నియమాల్లో నేను అన్నిటికన్నా ముందు కోరేది తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండే ఒకే నమూనా ఒప్పందం. ఏ సేవ ఎన్నాళ్లు ఉంటుంది, ఛార్జీలు ఏటా ఎంతవరకు పెంచవచ్చు, జీవిత భాగస్వామి హక్కు ఏమిటి, మంచాన పడితే ఎక్కడ ఎవరు చూస్తారు, వెళ్లిపోతే డిపాజిట్‌లో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది అన్నవి అందులో ఖాళీ లేకుండా నింపి, రెరా దగ్గర నమోదు చేయాలి. డబ్బు పూర్తిగా కట్టించుకునే ముందు కనీసం ఒక నెల ఉండి చూసే వీలు ఇవ్వాలి. నచ్చకపోతే ఆ నెల ఖర్చు మినహా మిగతాది తిరిగి ఇవ్వాలి. సంతకం రోజున, పిల్లలను పక్కన ఉంచి, పెద్దవారితో ఒంటరిగా మాట్లాడి వారి సమ్మతిని నమోదు చేసే బాధ్యత స్థానిక సంక్షేమాధికారికి ఇవ్వాలి. ఇది కొందరికి అతిగా తోచవచ్చు, కాని బలవంతపు రాకను ఆపగలిగిన చోటు అదొక్కటే. ఎన్నికైన నివాసుల కమిటీకి ఖాతాలు చూసే హక్కు, సేవల సంస్థను మార్చే హక్కు, ఆఖరుకు వంటవాడిని మార్చే హక్కు ఉండాలి. భోజనం గురించి మాట్లాడితే చిన్న విషయమని నవ్వేవారు ఉంటారు. రోజుకు మూడుసార్లు ఎదురయ్యేది చిన్న విషయం కాదు.

జీఎస్టీ గురించి ఒక్క మాట. ధార్మిక సంస్థలు నడిపే వృద్ధాశ్రమాల్లో అరవై దాటినవారు నెలకు 25,000 రూపాయల వరకు చెల్లించే మొత్తానికి పన్ను మినహాయింపు ఉంది. ప్రైవేటు సముదాయంలో పెన్షన్ మీద బతికే మాస్టారికి ఆ వెసులుబాటు లేదు. జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రం ఈ మాట ఎత్తేలా చూడగలరు.

ఇదంతా కాస్తో కూస్తో ఉన్నవారి గోడు అని మీ అధికారులు అనవచ్చు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం (2007)లోని 19వ సెక్షన్ ప్రకారం ఆదరణ లేని పేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఒక్క ఆశ్రమమైనా రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చునని ఉంది. ‘చేయవచ్చును’ గనుకనే అది ప్రభుత్వాల ఇష్టానికి మిగిలింది. ఆ ఆశ్రమాలు కట్టినచోట కూడా, నిర్ణయం పెద్దల చేతిలో ఉందా అని నేను పైన చెప్పిన కొలమానమే వర్తించాలి. తలుపుకు లోపలి గడియ, సొంత సామానుకు తాళం వేసుకునే పెట్టె, ఏం వండాలో చెప్పే వారపు సమావేశం, పెంచుకోవడానికి నాలుగు అడుగుల మట్టి, వీటికి పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. పేదవారు కృతజ్ఞతతో ఊరుకోవాలే గాని ఎంచుకోరాదన్న ఆలోచన మన సంస్థల్లో బాగా పాతుకుపోయింది. దాన్ని మీ శాఖ ఉత్తర్వుతోనే కదిలించవలసి ఉంటుంది.

2031 నాటికి దేశ జనాభాలో అరవై దాటినవారు సుమారు 13 శాతానికి చేరతారని అధికారిక అంచనా. ఇవాళ శివార్లలో పునాదులు లేస్తున్న సముదాయాలు నిండేది అప్పటికే. అందువల్ల ముసాయిదా నియమాలను ఈ ఆర్థిక సంవత్సరంలోనే తెలుగులో ప్రచురించి, అభ్యంతరాలకు కనీసం అరవై రోజుల గడువు ఇవ్వవలసిందిగా మనవి చేస్తున్నాను. విచారణ సచివాలయంలో పెడితే బిల్డర్ల ప్రతినిధులు వస్తారు, మోకాళ్ల నొప్పులతో ఉన్నవారు రాలేరు. దయచేసి మీ అధికారులను మా భోజనశాలలకు, జిల్లా ఆశ్రమాల వరండాలకు పంపించండి. మధ్యాహ్నం నిద్రవేళ తప్పించి ఎప్పుడైనా సరే.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హైదరాబాద్ శివారు.