ట్యూబు బాగానే ఉంది, వాల్వే పోయింది

సంపాదకులకు నమస్కారం.

జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవమని మీ పేపర్లో అర పేజీ వేశారు. ఐక్యరాజ్యసమితి 2018లో ఆ రోజును ప్రకటించిందనీ, సైకిలు తొక్కితే గుండెకు మంచిదనీ రాశారు. పక్కన గేర్ల సైకిలు మీద హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన ఫొటో. ఆ రోజు ఆ పేపరును అంబాజీపేట చుట్టుపక్కల 112 ఇళ్లలో వేసింది నేనే. వేసింది సైకిలు మీదే, కాకపోతే సగం దూరం దాన్ని నడిపించుకుంటూ. వెనక చక్రం వాల్వు దగ్గర గాలి దిగిపోయింది.

నాకు 54 ఏళ్లు. ఊళ్లో ఇప్పటికీ పేపరబ్బాయి అనే అంటారు, దానికి నాకేం బాధ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను సెంటర్లో కట్టలు పడేసి వెళ్లిపోతుంది. క్యారేజీ మీద ఒక కట్ట, హ్యాండిలుకు రెండు సంచులు తగిలించుకుని కాలువ గట్టు పట్టుకుని బయల్దేరతాను. ఆదివారం అనుబంధం ఉంటుంది కనక బరువు ఇంకా ఎక్కువ. వానాకాలం ఆ గట్టు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

ముల్లు గుచ్చుకుని పంచరైతే నేను ఎవరినీ ఏమీ అనను. ప్యాచ్ వేయించుకుంటాను, పనైపోతుంది. నా గోడు వేరు. చందాలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో ట్యూబుల లెక్క కూడా రాసుకుంటున్నాను. నిరుడు జూలై నుంచి ఈ జూన్ దాకా వెనక చక్రానికి ఐదు ట్యూబులు మార్చాను. అందులో ఒక్కటే తుమ్మముల్లు. మిగతా నాలుగూ వాల్వు మొదలు దగ్గర చిరిగినవే. ఇత్తడి కాడను రబ్బరు పట్టుకుని ఉండే చోట, గోరుతో గీసినంత చీలిక. అక్కడ ప్యాచ్ నిలవదు, అది చదునుగా ఉండే చోటు కాదు కదా. మిగతా ట్యూబంతా కొత్తదానిలా నిగనిగలాడుతున్నా పారేయాల్సిందే. మా ఇంట్లో ఆ ట్యూబులు కోసి కొబ్బరి మట్టలు కట్టడానికి వాడుతున్నాం.

మా నాన్న సైకిలుకు ఇలా ఉండేది కాదు. వాల్వు కాడను ట్యూబు లోపలి నుంచి పైకి తీసి, వాషరు వేసి నట్టుతో బిగించేవారు. కాడ పాడైతే కాడే మార్చుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని రబ్బరుతో కలిపి అతికించేస్తున్నారు. తయారీకి అది తేలికేమో గానీ, వేలెడంత భాగం చెడితే ట్యూబు మొత్తం కొనాల్సి వస్తోంది.

నాలుగో ట్యూబు పోయినప్పుడు కోపంతో మా సెంటర్లో సైకిల్ షాపు బాబాయ్ దగ్గరికి వెళ్లి, నువ్వు నాసిరకం సరుకు అంటగడుతున్నావన్నాను. ఆయనకు డెబ్బై దాటాయి. ఏమీ మాట్లాడకుండా వెనక చక్రం తిప్పి చూపించాడు. "వాల్వు ఎటు చూస్తోందిరా?" అన్నాడు. చూస్తే తిన్నగా లేదు, పక్కకు వాలిపోయి ఉంది.

"గాలి తక్కువ పెట్టి బరువేసుకుని తొక్కుతావు. టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుద్ది. దాంతోపాటు ట్యూబూ జరుగుద్ది. కాడేమో రిమ్ము బొక్కలో ఇరుక్కుని అక్కడే ఉండిపోద్ది. రోజూ లాగితే మొదలు తెగదేంటి? పైగా కాడను రిమ్ముకు పట్టి ఉంచే నట్టును ప్లేయరుతో బిగిస్తావు. చేత్తో బిగిస్తే చాలదూ?"

ఇంకో తిట్టు కూడా తిన్నాను. మామూలు సైకిలు వాల్వులో ఇత్తడి కాడ లోపల దూర్చే చిన్న గొట్టానికి పక్కన ఒక బెజ్జం ఉంటుంది, దాని మీద సన్నటి రబ్బరు తొడుగు ఉంటుంది. అదే వాల్ ట్యూబు. పంపు కొడితే గాలి ఆ రబ్బరును నెట్టుకుని లోపలికి పోతుంది. కొట్టడం ఆపగానే లోపలి గాలే దాన్ని బెజ్జానికి అదిమేస్తుంది. కొత్త వాల్ ట్యూబు బిగువుగా ఉండి ఆ చిన్న గొట్టం మీదకు ఓ పట్టాన ఎక్కదు. కోనసీమ వాళ్లం, చేతికి అందేది కొబ్బరినూనె. ఇన్నేళ్లుగా నేను ఆ నూనె చుక్క రాసే ఎక్కిస్తున్నాను. నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందట. అందుకే నా వాల్ ట్యూబులు రెండు నెలలకే జిగురుగా అయిపోయి గాలి వదిలేస్తున్నాయి. ఉమ్మి తడి చేసి ఎక్కించుకోమన్నాడు బాబాయ్. గాలి పోతోందో లేదో చూడ్డానికి ఎలాగూ వాల్వు మీద ఉమ్మేసి బుడగలు చూస్తాం కదా, ఎక్కించడానికీ అదే చాలు.

కాబట్టి తప్పులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. ఉమ్మి మొదలుపెట్టాక వాల్ ట్యూబు గొడవ తగ్గింది. నట్టు చేత్తోనే బిగిస్తున్నాను. అయినా జూన్ 3న పోయింది ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్న ఐదో ట్యూబే, వేసి మూడు నెలలు కూడా కాలేదు. దీనికి బాబాయ్ దగ్గరా జవాబు లేదు. ట్యూబు ఎప్పుడు తయారైందో చూద్దామంటే అట్టపెట్టె మీద ధర ఉంది గానీ, నెల, సంవత్సరం కనపడలేదు. ఏ కొట్లో ఎన్నేళ్లు ఎండకు ఎండిందో ఎవరికి తెలుసు? బిస్కట్ ప్యాకెట్టు మీద తేదీ వేస్తారు. రబ్బరు కూడా ముసలిదయ్యే వస్తువే. ట్యూబు మీదే, వాల్వు పక్కన చెరగకుండా నెల, సంవత్సరం అచ్చు వేయమని సైకిలు కంపెనీలను కోరుతున్నాను. వాల్వు మొదలు దగ్గర రబ్బరు ఇంకొంచెం మందంగా వేసినా, పాత పద్ధతిలో నట్టు వేసినా ధర నాలుగు రూపాయలు పెరిగితే పెరగనివ్వండి, ఇస్తాం.

గాలి తక్కువ పెడతావని బాబాయ్ అన్నాడు గానీ, పెట్టుకునేదెక్కడ? తెల్లవారుజామున షాపు తెరవడు. పెట్రోలు బంకులో 'గాలి ఉచితం' అని బోర్డు ఉంటుంది. ఆ గొట్టం మూతి మోటారు సైకిలు వాల్వు లోపలుండే స్ప్రింగు పిన్నును నొక్కేలా చేసింది. మా వాల్వుకు పిన్నే లేదు, దాని మీద అది నిలవదు. నిలిచినా లోపల ఎంత గాలి ఉందో ఆ మీటరు చెప్పలేదు, మధ్యలో వాల్ ట్యూబు అడ్డం. బొటనవేలితో టైరు నొక్కి చూసుకోవడమే మా మీటరు. బంకులో ఇంకో మూతి పెట్టడానికి ఎంత ఖర్చవుతుందండీ? బంకు కుర్రాడిని అడిగితే నవ్వాడు. సైకిలువాడు పెట్రోలు కొట్టించుకోడు కదా మరి.

మీరు వచ్చే ఏడాది జూన్ 3న మళ్లీ అర పేజీ వేస్తే, గేర్ల సైకిలు ఫొటో వేసుకోండి, కాదనను. ఒక మూలన వాల్వు సంగతి కూడా రాయండి. మొదలు తెగిన మూడు వాల్వులను ఏ నెలలో పోయాయో చీటీ కట్టి మందు డబ్బాలో దాచాను. జూన్ 3న పోయిన నాలుగోది కూడా అందులో వేస్తున్నాను. ట్యూబులు చేసే కంపెనీ వాళ్లెవరైనా చూస్తామంటే మీ ఆఫీసుకు వచ్చే కట్టల వ్యానులోనే పంపిస్తాను.

ఇట్లు,
పేపరబ్బాయి,
అంబాజీపేట మండలం, కోనసీమ