సూర్యాపేట దాటాక మా నాన్న కారు దగ్గర ఆగినవాళ్లకు

నిన్న నాన్న ఎవరి సాయం లేకుండా టీ కప్పు పట్టుకుని తాగారు. మూడు వారాలుగా రాయాలనుకుంటున్నది ఇవాళ రాయగలుగుతున్నాను.

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే సూర్యాపేట దాటి నకిరేకల్ చేరేలోపు అమ్మానాన్నల కారు టైరు పేలి డివైడర్‌ను గుద్దింది. పొద్దున్న ఆరున్నర. నేను చూసింది ఆసుపత్రిలోనే. అంతకు ముందు జరిగిందంతా అమ్మ చెప్పింది, ఒకటికి పదిసార్లు చెప్పింది.

ముందుగా బత్తాయిల లోడుతో వస్తున్న లారీ అన్నకు. మీరు పరిగెత్తుకొచ్చి తలుపు లాగలేదు. లారీని కారుకు కాస్త వెనకగా అడ్డంపెట్టి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఇంకా వెనక్కి నడిచి రోడ్డు మీద చెట్టుకొమ్మలు పరిచి వచ్చారట. ఆ వేగంలో వచ్చే బస్సో కారో ఇంకోటి వచ్చి గుద్ది ఉంటే, సాయానికి వచ్చినవాళ్లు కూడా మిగిలేవారు కాదు. తర్వాత కారు తాళం తిప్పి ఇంజన్ ఆపి, వంగి కింద చూసి, "పొగ లేదు, పెట్రోలు కారట్లేదు, దించాల్సిన పని లేదు" అన్నారట.

అప్పటికే పదిమంది చేరి నాన్నను బయటికి లాగాలని చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టను. నేనున్నా అదే చేసేదాన్ని. టీ కొట్టు అక్క అడ్డం నిలబడి "ఎవ్వరు గుంజకుండ్రి, అంబులెన్స్ రానియ్యండ్రి" అని అరిచిందట. అక్కా, నాన్న మెడలో ఎముక విరిగింది, నరానికి దెబ్బ తగల్లేదు. భుజాలు పట్టి లాగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు సగం చెప్పి ఆపేశారు. నేను కూడా మిగతాది అడగలేదు.

తమ్ముడితో బైక్ మీద వెళ్తూ ఆగిన నర్సింగ్ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియడం లేదు. వెనక సీట్లోకి ఎక్కి, రెండు చేతులతో నాన్న తలను కదలకుండా పట్టుకుని, 108 వాళ్లు వచ్చి మెడకు కాలర్ వేసేదాకా వదల్లేదట. "అంకుల్, తల ఊపకండి, అవును కాదు అన్నది నోటితో చెప్పండి" అంటూ ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని మాట్లాడిస్తూనే ఉందట. (నా పెళ్లి ఎప్పుడో కూడా చెప్పేశారట నాన్న. ఇంకా సంబంధం కూడా కుదరలేదు!) ఆయన మోచేయి చీరుకుని రక్తం కారుతుంటే, లారీ అన్న తువ్వాలు మడిచి అక్కను గట్టిగా అదిమిపట్టమంది. తువ్వాలు తడిసినా తీసి చూడనివ్వలేదు, దాని మీదే తన చున్నీ వేసి నొక్కించింది.

దాహం అని నాన్న అడిగితే అమ్మ సీసా మూత తీసింది. అక్క అమ్మ చేయి పట్టుకుని "ఇప్పుడు తాగించొద్దమ్మా, పెదాలు తడుపుదాం" అందట. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మత్తు ఇచ్చే డాక్టరు మొదట అడిగింది, ఏమైనా తిన్నారా, తాగారా అని.

ఆ తమ్ముడు 108కి ఫోన్ చేసి ఎంతమందికి దెబ్బలు, స్పృహ ఉందా, ఏ టోల్‌గేట్ దాటాక అన్నది తడబడకుండా చెప్పాడు. తర్వాత నాకు చేశాడు. మొదటి మాట "అక్కా, అమ్మానాన్న ఇద్దరూ మాట్లాడుతున్నారు". ఆ తర్వాతే యాక్సిడెంట్ అన్నాడు. ఎవరో వీడియో తీస్తుంటే దుప్పటి అడ్డం పట్టింది కూడా అతనేనట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పోయినేడాది ఎల్బీనగర్ దాటాక రోడ్డు పక్కన పడి ఉన్న బైకును, మనిషిని చూశాను. కారు ఆపలేదు. పోలీసులు, సాక్ష్యం, కోర్టు అంటూ తిరగాలేమోనని భయం. కనీసం 108కి ఫోన్ కూడా చేయలేదు. నాన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే తెలుసుకున్నాను. సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లోనే సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో చేసిన సాయంలో పొరపాటు జరిగినా కేసు ఉండదు. పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలా వద్దా అన్నది మన ఇష్టం. 108 మొదలై ఇరవై ఏళ్లు, నాకు గుర్తురావడానికి మా నాన్నకు దెబ్బ తగలాల్సి వచ్చింది.

వైద్యం ఖర్చుకు భయపడేవాళ్లకు ఇంకో మాట. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు కేంద్ర పథకం కింద లక్షన్నర వరకు, ఏడు రోజుల నగదు రహిత చికిత్స ఉంది. ఆసుపత్రిలో అడగండి.

మొన్న ఆదివారం వచ్చి అక్కను కలిశాను. డబ్బులిస్తే కోప్పడి టీ ఇచ్చింది. నర్సింగ్ అమ్మాయి జాడ దొరికింది, పరీక్షలయ్యాక ఇంటికి వస్తానంది.

లారీ అన్నా, మీరే దొరకలేదు. నంబరు చూసుకునే స్థితిలో అమ్మ లేదు. మీ ఎర్ర తువ్వాలు ఎంత ఉతికినా మరక పోలేదు. కొత్తది కొని అక్క కొట్టులో పెట్టాను. ఈసారి ఆ దారిలో వచ్చినప్పుడు అడిగి తీసుకోండి. టీకి డబ్బులు తీసుకోవద్దని కూడా చెప్పాను, వింటుందో లేదో మరి.