మొటిమల మాత్ర సంగతి డాక్టరుకు చెప్పు

చిట్టితల్లీ,

పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి సీసా మూత కూడా తిప్పలేకపోతున్నానని మాటల మధ్యలో అనేసి, వెంటనే ఇంకేదో కబుర్లోకి వెళ్లిపోయావు. నాకు మాత్రం మనసంతా అక్కడే ఉంది.

కీళ్ల డాక్టరుకు చూపించుకుంటానన్నావు, మంచిదే. మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే మాత్రం అలవాటుగా లేదనెయ్యకు. మొటిమలకు వేసుకుంటున్న యాంటీబయాటిక్ మాత్ర మినోసైక్లిన్ పేరు చెప్పు, ఎన్నాళ్ల నుంచో కూడా చెప్పు. బీపీ మాత్రయితే గుర్తుపెట్టుకుని చెబుతాం, మొటిమల మాత్రను అసలు మందుల లెక్కలోనే వెయ్యం.

ఆ మందు ఎక్కువ కాలం, ముఖ్యంగా ఏడాది దాటి వాడినవాళ్లలో కొద్దిమందికి లూపస్ లాంటి జబ్బు వస్తుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీదికి తిరగబడుతుంది. కీళ్ల నొప్పులు, పొద్దుటి బిగుతు, జ్వరం, నీరసం. కొందరికి కాలేయం దెబ్బతింటుంది, అరుదుగా రక్తనాళాలు వాస్తాయి. వయసులో ఉన్న ఆడపిల్లల్లోనే ఎక్కువ. ఇదేం పుకారు కాదు, 1990ల నుంచీ వైద్య పత్రికల్లో వస్తున్నదే. ఐసోట్రెటినాయిన్ అనే ఇంకో మొటిమల మందుతో పేగుజబ్బు వస్తుందని మీ స్నేహితురాలు భయపెట్టిందే, ఆ సంగతి వేరు. పెద్ద అధ్యయనాల్లో ఆ సంబంధం తేలలేదు.

ఏఎన్ఏ పరీక్ష (రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడుతోందేమో చూసే రక్తపరీక్ష), కాలేయ పరీక్ష రాస్తారేమో. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చినా అప్పుడే టెన్షన్ పడకు, ఏ జబ్బూ లేనివాళ్లకీ అలా వస్తుంటుంది. కారణం మందే అయితే, ఆపాక చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. మాత్ర సంగతి తెలియకపోతే మామూలు లూపస్ అనుకుని ఏళ్ల తరబడి వేరే మందులు వాడించే ప్రమాదం ఉంది. నాకు అదే భయం. మందువల్లేనని తేలితే మళ్లీ ఎప్పుడూ దాన్ని ముట్టుకోకూడదు, వేసుకుంటే నొప్పులు తిరగబెడతాయి.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, మాత్ర రాసిన చర్మ డాక్టరుకు ఈరోజే ఫోన్ చేసి ఆపెయ్యమంటారేమో అడుగు. మొహానికి వేరే దారులున్నాయి, పూతమందులున్నాయి. అసలు మొటిమలకు నోటి యాంటీబయాటిక్స్ మూడు నాలుగు నెలలకు మించి వాడకపోవడమే మంచిదంటారు. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి వచ్చినా నాకు ఫోన్ చెయ్యడం తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లు.

రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు. నాన్నకు నేను చెప్తాలే.

అమ్మ