ఆ తలుపు ఒక్కసారి మూసి చూద్దాం, మంత్రి గారూ

స్విట్జర్లాండ్ రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. నేను జ్యూరిచ్‌లో అద్దెకుంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడ నాకు ఓటు లేదు. అయినా యుద్ధమొస్తే తలదాచుకునే చోటు నాకూ చూపాలని మీ చట్టం చెబుతోంది. అలాంటి షెల్టర్లు దేశంలో దాదాపు 3,70,000 ఉన్నాయి. ఇంత ముందుచూపు మరే దేశంలోనూ చూడలేదు. నా బాధ మా భవనం నేలమాళిగలోని షెల్టర్ గురించి.

అక్కడ జానెడు మందం కాంక్రీటు తలుపు, దాని వెనక చేత్తో తిప్పే గాలి యంత్రం ఉన్నాయి. యంత్రం మీద ఎవరివో స్కీ బూట్లు, పక్కన వైన్ సీసాలు, మూలన (దాచడమెందుకు) మా ఆవకాయ జాడీ. రక్షణ, పౌర రక్షణ, క్రీడలు మూడూ మీ శాఖ కిందివే కనుక ఈ దృశ్యం మీకు వింతగా తోచకపోవచ్చు. ఎనిమిదేళ్లలో ఆ తలుపు మూయగా నేను చూడలేదు. అవసరం పడితే ఐదు రోజుల్లో ఖాళీ చేయాలట. ఎవరు చేస్తారో మా భవనంలో ఎవరికీ తెలియదు. నా చోటు ఇదేనా అని అడిగితే, సమయం వచ్చినప్పుడు చెబుతామన్నారు.

1940లో ఇలా లేదు. ఫ్రాన్స్ పడిపోయాక దాదాపు చుట్టూ హిట్లర్, ముస్సోలినీల సేనలే. జూలై 25న స్విస్ సేనాధిపతి జనరల్ ఆన్రీ గిజాన్ సైనికాధికారులను, ఈ దేశం పుట్టిన చోటుగా చెప్పుకునే రూట్లీ మైదానంలో సమావేశపరిచి, సైన్యాన్ని ఆల్ప్స్ కోటల్లోకి తరలిస్తున్నట్టు చెప్పాడు. దాడి చేస్తే ఆల్ప్స్ కింద ఇటలీ వైపు రైళ్లు నడిచే గొట్టార్డ్, సింప్లాన్ సొరంగాలు శత్రువుకు దక్కకుండా పేల్చేస్తామన్నది అందులోని బెదిరింపు. కానీ జ్యూరిచ్, బాసెల్ లాంటి ఊళ్లు పల్లపు నేలలోనే ఉండిపోయాయి. సైనికుడు కొండల్లో, ఆలుబిడ్డలు కింద! అంత కఠినమైన ఏర్పాటును జనం ఎలా ఓర్చుకున్నారు? వాళ్ల చేతికీ పని దొరికింది కాబట్టి అనుకుంటాను. తిండి వీలైనంత దేశంలోనే పండించుకోవాలన్న వాలెన్ పథకం కింద ఇక్కడి ఒపేరా భవనం ముందున్న మైదానంలో బంగాళాదుంపలు పండించారు. తాజా రొట్టె ఎక్కువ తింటారని, కాల్చిన 24 గంటలు గడిచాకే అమ్మనిచ్చారు. చాలా తిండి సరుకులకు రేషన్ కార్డు వచ్చినా బంగాళాదుంపలకు రాలేదు.

అదంతా స్వర్ణయుగమని నేను అనడం లేదు. 1942 ఆగస్టులో యూదు శరణార్థులకు సరిహద్దు మూసిందీ ఈ తటస్థ దేశమే. పరాయివాణ్ణి కనుక అది నాకు త్వరగా గుర్తొస్తుంది. ఈరోజు జనాభాలో నాలుగో వంతుకు పైగా మాలాంటి విదేశీయులమే.

అందుకే ఒక విన్నపం. ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు సైరన్లు మోగించి పరీక్షిస్తారు. మేం కిటికీలోంచి విని మళ్లీ పనిలో పడతాం. ఆ రోజే ప్రతి షెల్టర్‌లోనూ సామాను బయట పెట్టించి, తలుపు మూయించి, గాలి యంత్రం తిప్పించండి. ఎవరి చోటు ఎక్కడో ముందే చీటీ పంపండి. జర్మన్ సరిగా రాని ఇరుగుపొరుగుకు అర్థమయ్యే భాషల్లోనూ పంపండి.

జాడీ సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
జ్యూరిచ్ నుంచి ఒక తెలుగువాడు