షాపు నిండా గ్యాస్ బిళ్ళలే, పుండు మాత్రం నా కడుపులో

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

నాది నూజివీడు, 22 ఏళ్ళ నుంచి మెడికల్ షాపు. మొన్న ఆదివారం మీ హెల్త్ పేజీలో గ్యాస్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో రాశారు, ఎముకలు వీకవుతాయి, బి12 తగ్గుతుంది, మెగ్నీషియం పడిపోతుంది, అవసరం లేకపోతే మానేయండి అని. రాసిందాంట్లో తప్పేం లేదు. నా షాపుకొచ్చే వాళ్ళలో సగం మందికి ఆ ముక్క చెప్పాల్సిందే, సాయంత్రం బజ్జీలు తినేసి ఒక పాన్ బిళ్ళ (గ్యాస్ బిళ్ళ బ్రాండు పేరు) ఇవ్వండి అంటారు, పెళ్ళి భోజనానికి వెళ్తూ ముందే ఒకటి జేబులో వేసుకెళ్తారు. చీటీ లేకుండా అమ్మకూడని మందే అది, స్ట్రిప్ మీద రాసే ఉంటుంది, అయినా అమ్ముతాం, అబద్ధం ఎందుకు.

కాకపోతే పోయినేడాది కూడా మీ పేపర్లో ఇలాంటిదే ఒకటి వచ్చింది, అది చదివి బిళ్ళ మానేసినవాళ్ళలో నేనొకణ్ణి. మానకూడనివాణ్ణి. ఈసారి కూడా చదవగానే పొద్దున్న ఏడింటికే మా వదిన ఫోను, మరిది గారూ పేపర్ చూశారా, నేను ఇవాళ్టి నుంచి పాన్ డి ఆపేస్తున్నా అని. అందుకని కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

ముందు నా సంగతి. 126 కిలోలు ఉండేవాణ్ణి, షుగరు, మోకాళ్ళు, రాత్రిపూట గురక, అన్నీ ఉన్నాయి. పోయినేడాది ఫిబ్రవరిలో విజయవాడలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నా. ఈ ఆపరేషన్ అంటే పొట్ట కోసి కొవ్వు లాగేస్తారని మా వీధిలో అందరూ అనుకున్నారు, ఇప్పటికీ కొందరు అదే అడుగుతారు, ఎన్ని కిలోలు తీశారండీ అని. కొవ్వేం తీయరు. మన వైపు ఎక్కువ చేసేవి రెండు. ఒకటి స్లీవ్, కడుపులో మూడొంతులు పైనే కోసి తీసేసి అరటిపండంత గొట్టం మిగులుస్తారు. రెండోది బైపాస్, కడుపు పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి పేగుని తెచ్చి నేరుగా దానికి కలుపుతారు. ఆ సంచి ఎంతుంటుందంటే, దగ్గు సిరప్ సీసా మీద మూత ఉంటుంది చూడండి, దాంతో మూడు మూతలు, సుమారు 30 ఎంఎల్. నాకు చేసింది బైపాస్. వదినకి నాలుగేళ్ళ కింద చేసింది స్లీవ్. ఇద్దరికీ ఇంటికి పంపేటప్పుడు రాసిన చీటీలో గ్యాస్ బిళ్ళ ఉంది, జనానికి రెండూ ఒకటే ఆపరేషన్, ఒకటే బిళ్ళ, కానీ కథ వేరు, అదే నేను చెప్పాలనుకుంటున్నది.

బైపాస్‌లో ఏం జరుగుతుందంటే, కడుపు గోడకి యాసిడ్ అలవాటు, తట్టుకునే పూత దానికుంటుంది. పేగుకి ఆ పూత లేదు. మామూలుగా కడుపులోంచి యాసిడ్ పేగులోకి దిగగానే పైత్యరసం, క్లోమరసం వచ్చి కలిసి దాన్ని చల్లబరుస్తాయి. బైపాస్‌లో ఆ రసాలు బాగా కిందకి పోయి కలుస్తాయి, ఇక్కడ జాయింట్ దగ్గర పేగు ఒక్కటే ఉంటుంది, సంచిలో ఊరే ఆ కాస్త యాసిడ్ అయినా నేరుగా దానిమీదే పడుతుంది. ఆ జాయింట్ దగ్గర వచ్చే పుండునే మార్జినల్ అల్సర్ అంటారు. కొత్తగా కుట్టిన చోటు మానేదాకా యాసిడ్‌ని తగ్గించి ఉంచడానికే బిళ్ళ. నాకు పొద్దున్న ఒకటి చొప్పున 3 నెలలు రాశారు, కొందరు సర్జన్లు ఇంకా ఎక్కువ కాలం రాస్తారు.

ఇదంతా నాకు తెలియదా అంటే సగం తెలుసు. బిళ్ళ ఎలా పనిచేస్తుందో నేనే పది మందికి చెప్తా, కడుపు గోడలో యాసిడ్ తోడే పంపులుంటాయి, ఈ బిళ్ళ నడుస్తున్న పంపుల్నే మూస్తుంది, ఆగి ఉన్నవాటిని ముట్టుకోదు, అందుకే పరగడుపున వేసుకుని అరగంట ఆగి తినాలి, అప్పుడు పంపులు నడవడం మొదలయ్యేసరికి మందు రక్తంలో సిద్ధంగా ఉంటుంది అని. ఇడ్లీ తిన్నాక వేసుకుంటే ట్యాంకు నిండాక మోటారు కట్టినట్టు. ఇంత చెప్పేవాణ్ణి, ఆరు వారాలకి ఒంట్లో హుషారొచ్చింది, 19 కిలోలు తగ్గా, మంట లేదు, త్రేన్పు లేదు, మరి ఈ బిళ్ళ ఎందుకు, పేపర్లో కూడా ఎముకలకి చెడ్డదని రాశారు కదా అని ఆపేశా. చీటీలో 3 మంత్స్ అని ఉంది, చిన్నగా, ఇంగ్లీషులో, మూలకి. రోజూ వేల చీటీలు చదివేవాణ్ణి, నా చీటీ నేనే చదవలేదు.

దానికి తోడు మోకాలు. షాపులో నిలబడాలి కదా, బరువు తగ్గినా మోకాలు వెంటనే మాట వినదు. వెనక అరలోంచి డైక్లోఫెనాక్ తీసి పది రోజులు రోజుకి రెండు వేసుకున్నా. బైపాస్ అయినవాళ్ళు ఆ జాతి నొప్పి మాత్రలు, డైక్లో, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, కాంబిఫ్లామ్ లాంటివి ముట్టకూడదు, పారాసిటమాల్ వేసుకోవాలి, ఇంకా తప్పకపోతే సర్జన్ని అడగాలి. సిగరెట్ కూడా అంతే, పుండుకి అది పెద్ద కారణం. నాకు సిగరెట్ లేదు, ఆ ఒక్కటీ కలిసొచ్చింది.

మే నెల, మామిడికాయల సీజను. మా ఊరి రసాలు తినలేక ఏడుపొచ్చే రోజులు, బైపాస్ అయినవాడు ఒక రసం గబగబా జుర్రుకుంటే అరగంటలో చెమటలు, గుండె దడ, కళ్ళు తిరుగుడు, దాన్ని డంపింగ్ అంటారు. అందుకే కౌంటర్ దగ్గర కళ్ళు తిరిగితే ముందు దొంగతనంగా తిన్న రెండు ముక్కల మీదే అనుమానం వచ్చింది. అసలు విషయం ఏంటంటే నాలుగు రోజుల నుంచి విరేచనం తారు లాగా నల్లగా అవుతోంది, ఐరన్ బిళ్ళ వేసుకుంటున్నా కదా దానివల్లే అనుకున్నా. ఐరన్‌తో నల్లగా అవడం నిజమే, కానీ బంకగా, కంపు కొట్టేలా అవదు, అలా అయితే లోపల రక్తం కారుతున్నట్టు. మా కుర్రాడు పట్టుకోకపోతే తల ఫ్రిజ్‌కి తగిలేది. విజయవాడ వెళ్తే హిమోగ్లోబిన్ 7.6. ఎండోస్కోపీలో జాయింట్ మీద పుండు, రూపాయి బిళ్ళంత. రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించారు. సర్జన్ గారు తిట్టలేదు, మీ షాపులో పాన్ స్టాక్ అయిపోయిందా అండీ అని ఒక్క మాట అడిగారు, తిట్టినా బాగుండేది.

అప్పుడు ఆయన రాసిన విధానం నాకే కొత్త. టాబ్లెట్ కాకుండా ఒమెప్రజోల్ అనే అదే రకం గ్యాస్ మందు క్యాప్సూల్ రాసి, దాన్ని విప్పి లోపలి గుళికలు చెంచాడు మెత్తటి ఆపిల్ గుజ్జులో వేసుకుని నమలకుండా మింగమన్నారు, రోజుకి రెండు పూటలా. 22 ఏళ్ళుగా క్యాప్సూల్ విప్పకండి అని చెప్పేవాణ్ణి నేను. కారణం ఏంటంటే బైపాస్ సంచి చిన్నది, తిన్నది గబగబా దాటి పోతుంది, క్యాప్సూల్ పూర్తిగా కరిగేలోపే చాలా దూరం వెళ్ళిపోతుంది. అమెరికాలో 2017లో వచ్చిన ఒక స్టడీలో ఇలా పుండు వచ్చినవాళ్ళని చూస్తే, విప్పి వేసుకున్నవాళ్ళకి మానడానికి మధ్యస్థంగా 91 రోజులు, అలాగే మింగినవాళ్ళకి 342 రోజులు పట్టిందట. ఒకటే మందు, విప్పడం మింగడం తేడా. అలాగని పాన్ 40 లాంటి పూత ఉన్న టాబ్లెట్‌ని నలగ్గొట్టుకోకండి, ఆ పూత పోతే మందు యాసిడ్‌లోనే పాడవుతుంది. గుళికలు కూడా నమలకూడదు, ఒక్కో గుళిక మీద అదే పూత ఉంటుంది. దీంతోపాటు పుండు మీద పూతలా పట్టే సుక్రాల్‌ఫేట్ సిరప్. మూడు నెలలకి మళ్ళీ ఎండోస్కోపీ చేస్తే మానింది.

ఇప్పుడు వదిన. ఆవిడ గొడవ నాకు పూర్తిగా ఉల్టా. నాలుగేళ్ళుగా పాన్ డి, రోజుకి రెండు, ఎవరూ ఆపమనలేదు, ఎవరూ కొనసాగించమని కూడా అనలేదు, అలా నడుస్తూ వచ్చింది, ఇచ్చేది కూడా నేనే. స్లీవ్‌లో మిగిలిన గొట్టం సన్నగా ఉంటుంది, లోపల ప్రెషర్ ఎక్కువ, అందుకే కొంతమందికి అంతకుముందు లేని మంట ఆపరేషన్ తర్వాత మొదలవుతుంది, యాసిడ్ పైకి తన్ని గొంతుదాకా వస్తుంది. ఆవిడకి అదే. పడుకుంటే పుల్లటి నీళ్ళు నోట్లోకి వస్తాయని రెండు దిండ్లు పెట్టుకుంటుంది. కొంతమందిలో ఇది ముదిరి అన్నవాహిక లోపలి పొరే మారిపోతుంది, మందుతో తగ్గకపోతే స్లీవ్‌ని బైపాస్‌గా మార్చాల్సి వస్తుంది. అంటే ఆవిడకి బిళ్ళ అవసరం ఉండి ఉండొచ్చు, కానీ అవసరం ఉందో లేదో తేల్చడానికి ఎండోస్కోపీ చేసి చూడాలి, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. పైగా ఆ పాన్ డిలో డి అంటే ఏంటో ఆవిడకి తెలీదు, డి విటమిన్ అనుకుందట! అది డోంపెరిడోన్, వాంతులకిచ్చే మందు, గుండె లయ మీద అనుమానాలతో 2014లోనే యూరప్‌లో మామూలుగా వారం దాటి వాడొద్దన్నారు.

మీరు రాసిన బి12 సంగతి ఆవిడ విషయంలో అక్షరాలా నిజం, ఇంకా రెట్టింపు. తిండిలోని బి12 విడిపోవాలంటే యాసిడ్ కావాలి, పేగు దాన్ని పీల్చుకోవాలంటే కడుపు తయారుచేసే ఇంకో పదార్థం కావాలి. కడుపే ముప్పావు తీసేశారు, మిగిలిన పావులో యాసిడ్‌ని బిళ్ళ ఆపేసింది. లివర్లో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలీదు, ఇప్పుడు అరికాళ్ళు తిమ్మిర్లు అంటోంది. పోయిన నెల టెస్టు చేయిస్తే బి12 బాగా తక్కువ. ఐరన్, కాల్షియం కూడా ఇంతే, వీళ్ళు మామూలు కాల్షియం కార్బొనేట్ కాకుండా సిట్రేట్ అడిగి తీసుకోవాలి, దానికి యాసిడ్ అక్కర్లేదు, ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలన్నా ఎడం ఉండాలి. ఆవిడకి థైరాయిడ్ కూడా ఉంది, ఈ గ్యాస్ బిళ్ళ వల్ల ఆ మందు కూడా సరిగా ఒంటికి పట్టదు, డోసు పెంచుకుంటూ పోయారే తప్ప కారణం ఎవరూ చూడలేదు. నేను కూడా.

అయినా సరే ఆదివారం పొద్దున్న పేపర్ చదివి సోమవారం నుంచి టక్కున మానేయడం తప్పే. ఏళ్ళ తరబడి పంపులు మూసి ఉంచితే ఒళ్ళు ఊరుకోదు, యాసిడ్ తోడమని చెప్పే హార్మోన్‌ని పెంచుతుంది, బిళ్ళ తీయగానే గేట్లెత్తినట్టు యాసిడ్ వస్తుంది. 2009లో డెన్మార్క్ వాళ్ళు ఏ కడుపు జబ్బూ లేని మనుషులకి 8 వారాలు ఈ రకం మందిచ్చి ఆపేసి చూశారు, ఆపాక నూటికి 44 మందికి మంట, త్రేన్పులు వచ్చాయి, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 15 మందికే. జబ్బు లేనివాళ్ళకే అంతైతే, మా వదిన మూడో రోజుకి ఏడుస్తూ ఫోన్ చేసి చూశారా బిళ్ళ లేకపోతే నేను బతకలేను అని ఇంకో నాలుగేళ్ళు మింగుతుంది. రెండున్నది ఒకటి చేసి, డోసు సగం చేసి, రోజు విడిచి రోజు, అలా డాక్టర్ చెప్పిన లెక్కలో దిగాలి.

మిమ్మల్ని అడిగేదల్లా ఒక్కటేనండీ, మళ్ళీ ఇలాంటిది వేసేటప్పుడు బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళు సర్జన్ని అడగకుండా ఆపొద్దు, అడగకుండా ఏళ్ళకేళ్ళు వాడొద్దు అని ఒక బాక్స్ కట్టి వేయండి, లోపల చివరి పేరాలో కాదు, పైన. ఆస్పత్రుల వాళ్ళని కూడా ఒక మాట అడుగుతా, మీరు లక్షల ఆపరేషన్ చేస్తారు, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాయితంలో ఈ బిళ్ళ ఎందుకు, ఏ తేదీ దాకా, ఎలా ఆపాలి అన్న మూడు ముక్కలు తెలుగులో రాయడానికి ఎంతవుతుంది? 3 మంత్స్ అని కాదు, మే 14 దాకా అని రాయండి, తేదీ ఉంటే ఇంట్లో ఆడవాళ్ళు క్యాలెండర్ మీద టిక్ పెడతారు.

మా షాపు సంగతికొస్తే, ఇప్పుడు గ్యాస్ బిళ్ళ అడిగినవాళ్ళని ఎన్నాళ్ళ నుంచండీ, కడుపు ఆపరేషన్ ఏమన్నా అయిందా అని అడుగుతున్నా. కొంతమంది విసుక్కుని ఎదురు షాపుకి పోతున్నారు, పోనీండి. పేరు మాత్రం వేయొద్దండీ, చీటీ లేకుండా అమ్ముతానని పైన నేనే రాసేశాను కదా.

వదిన ఇంకా ఆపలేదు, బతిమాలి ఒప్పించా. వచ్చే బుధవారం ఎండోస్కోపీకి తీసుకెళ్తున్నాం, నాలుగేళ్ళ స్ట్రిప్పుల బిల్లులు కూడా పట్టుకురమ్మంది ఆవిడ, సర్జన్‌కి చూపిస్తుందట.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు ఆయన,
నూజివీడు, ఏలూరు జిల్లా